టికెట్లు వందల్లో, అడిగేవాళ్లు వేలల్లో: టెక్ సదస్సుల సీట్లు న్యాయంగా పంచేదెలా?

శ్రీరామనవమి ఇంకా నెల రోజులు ఉందనగానే భద్రాచలంలో ఒక మాట మొదలవుతుంది. మిథిలా స్టేడియంలో జరిగే కల్యాణానికి సెక్టార్ టికెట్లు ఎప్పుడు పెడతారు, ఏ ధరకు పెడతారు, ఆన్‌లైన్‌లో ఎన్ని, కౌంటర్‌లో ఎన్ని? గోల్కొండ పాలకుడు అబుల్ హసన్ తానీషా కాలం నుంచి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు వస్తున్నాయని చెప్పుకునే వేడుక అది. స్టేడియం మాత్రం ఒక్కటే, ముందు వరుసలు కొన్నే. అందుకే స్థలాన్ని సెక్టార్లుగా విడగొట్టి, వేర్వేరు ధరలకు టికెట్లు అమ్ముతారు. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నవాళ్లు గుర్తింపు కార్డు చూపించి అసలు టికెట్ తీసుకోవాలి. టికెట్ దొరకనివాళ్లు టీవీలో చూస్తారు. కరోనా వల్ల 2020, 2021లో అయితే అందరూ టీవీలోనే చూశారు.

సీట్లు కొన్ని, ఆశ పడేవాళ్లు ఎందరో. ఈ చిక్కు గుడికో, క్రికెట్‌కో, సినిమాకో మాత్రమే వచ్చేది కాదు. కంప్యూటర్ రంగంలో జరిగే సదస్సులకూ ఇదే చిక్కు. ఖమ్మంలో 2020 డిసెంబర్‌లో ఐటీ హబ్ మొదలైంది. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం నుంచి ఇంజనీరింగ్, డిగ్రీ చదివే పిల్లలు హైదరాబాద్, బెంగళూరు సదస్సుల వైపు చూస్తున్నారు. పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్ల జాతీయ సదస్సు పైకాన్ ఇండియా 2009లో బెంగళూరులో మొదలై, 2018లోనూ 2023లోనూ హైదరాబాద్‌కు వచ్చింది. 2023లో జేఎన్‌టీయూలో జరిగింది. ఇలాంటి చోట రెండు రోజులు తిరిగితే దొరికే పరిచయాలు ఒక్కోసారి ఉద్యోగం దాకా తీసుకెళ్తాయి. అందుకే టికెట్ ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు అన్నది చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కంపెనీ తన సరుకు చూపించుకోవడానికి పెట్టే సదస్సు వేరు, ఆ రంగంలో పనిచేసేవాళ్లే కలిసి వాలంటీర్లుగా నడుపుకునే కమ్యూనిటీ సదస్సు వేరు. రెండో రకానికి లాభం లక్ష్యం కాదు. హాలు అద్దె, భోజనాలు, మైకులు, వీడియో రికార్డింగ్ ఖర్చు వస్తే చాలు. గిరాకీ ఎక్కువగా ఉంది కదా అని ధర రెట్టింపు చేస్తే హాలు నిండుతుంది కానీ, ఎవరి కోసం పెట్టారో వాళ్లే బయట మిగిలిపోతారు. ధర పెంచకుండా, జనాన్ని ఎలా తగ్గించాలి? నిర్వాహకుల తల తినేసే ప్రశ్న ఇదే.

ముందొచ్చినవాళ్లకు ముందు

అందరికీ మొదట తోచే దారి ఇది. ఫలానా రోజు ఉదయం పది గంటలకు అమ్మకం మొదలు, అయిపోయేదాకా ఎవరు ముందొస్తే వాళ్లకి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. క్యూలో నిలబడటం మనందరికీ అలవాటే కదా.

కానీ ఇంటర్నెట్ క్యూ వేరు. యాపిల్ కంపెనీ ఏటా సాఫ్ట్‌వేర్ డెవలపర్ల కోసం పెట్టే సదస్సు టికెట్లు 2013 ఏప్రిల్‌లో సుమారు రెండు నిమిషాల్లో అయిపోయాయి. ఒక్కో టికెట్ 1,599 డాలర్లు, అయినా ఆగలేదు. గూగుల్ ఐ/ఓ టికెట్లు 2012లో దాదాపు 20 నిమిషాల్లో, మరుసటేడు ఇంచుమించు 49 నిమిషాల్లో ఖాళీ. రెండు నిమిషాల్లో పూర్తయ్యే అమ్మకంలో ఎవరు గెలుస్తారు? ఎక్కువ ఆసక్తి ఉన్నవాళ్లు కాదు. నెట్ వేగంగా ఉన్నవాళ్లు, కార్డు వివరాలు ముందే సేవ్ చేసి పెట్టుకున్నవాళ్లు, ఆ సమయానికి పని మానుకుని కూర్చోగలిగినవాళ్లు. రెండు కంపెనీలూ ఈ తీరుతో విసిగి 2014లో లాటరీకి మారాయి.

దీన్ని ఖమ్మం నుంచి పైకి, గోదావరి దాటి చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, వాజేడు దాకా వెళ్లి చూస్తే అసలు సంగతి కనిపిస్తుంది. అడవి అంచు ఊళ్లలో సిగ్నల్ ఒక చోట ఉంటే ఇంకో చోట ఉండదు. ఓటీపీ వచ్చేసరికి పేజీ గడువు అయిపోతుంది. గచ్చిబౌలిలో ఆఫీసు వైఫై మీద కూర్చున్న ఉద్యోగికీ, చర్లలో డాబా ఎక్కి ఫోన్ పైకెత్తి పట్టుకున్న డిగ్రీ విద్యార్థికీ పది గంటలు ఒకేసారి కొడుతుంది కానీ, పరుగు మాత్రం ఒకే చోట నుంచి మొదలు కాదు.

సమయం కూడా చిన్న విషయం కాదు. యాపిల్ అమ్మకం కాలిఫోర్నియాలో ఉదయం పదికి మొదలైనప్పుడు మనకు రాత్రి పదిన్నర. మన దగ్గరే శుక్రవారం మధ్యాహ్నం ఒంటి గంటకు అమ్మకం తెరిస్తే, జుమా నమాజుకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి అంతా అయిపోతుంది. ఎవరూ కావాలని చేసింది కాదు. అలాగని నష్టం తగ్గదు. అందుకే కొన్ని సదస్సులు టికెట్లన్నీ ఒకేసారి పెట్టకుండా రెండు మూడు విడతలుగా, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో పెడతాయి. ఖర్చు లేని మార్పు, అయినా చాలామంది చేయరు.

కంప్యూటర్ వదిలేసి కౌంటర్ల దగ్గరే అమ్మితే? దానికి జవాబు 2022 సెప్టెంబర్ 22న సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర దొరికింది. ఉప్పల్‌లో భారత్–ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం వచ్చిన జనం తోపులాటలో పలువురు గాయపడ్డారు. క్యూ పద్ధతిలో బలం ఉన్నవాడిదే ముందడుగు, అది మోచేతి బలమైనా, నెట్ బలమైనా.

ఇప్పుడు పెద్ద టికెట్ సైట్లు ‘వెయిటింగ్ రూమ్’ పెడుతున్నాయి. అమ్మకం మొదలవక ముందే వచ్చినవాళ్లందరినీ ఒక గదిలో ఉంచినట్టు ఉంచి, టైం కాగానే వరుస నంబర్లు యాదృచ్ఛికంగా ఇస్తాయి. అక్కడ గంట ముందు వచ్చినా, ఐదు నిమిషాల ముందు వచ్చినా ఒకటే. 2024 సెప్టెంబర్‌లో కోల్డ్‌ప్లే ముంబై కచేరీ టికెట్లకు కోటి మందికి పైగా ఎగబడినప్పుడు చాలామంది తమ నంబర్ లక్షల్లో ఉండటం చూసి బిత్తరపోయారు. పైకి క్యూ లాగే ఉన్నా, గది పద్ధతి లోపల చేసేది లాటరీయే. అలాంటప్పుడు నేరుగా లాటరీ అనే చెప్పి చేయొచ్చు కదా?

ఖుర్రా నేర్పే లెక్క

లాటరీ పద్ధతి ముస్లిం కుటుంబాలకు కొత్త కాదు. హజ్ కమిటీ ఆఫ్ ఇండియా సీట్లను రాష్ట్రాల ముస్లిం జనాభాను బట్టి పంచుతుంది. దరఖాస్తులు కోటా దాటితే ఖుర్రా తీస్తారు. పేరు రానివాళ్లకు వెయిటింగ్ లిస్ట్ నంబర్ వస్తుంది. ఎంపికైనవాళ్లలో కొందరు గడువులోగా డబ్బు కట్టకపోతే జాబితా కిందికి జరుగుతుంది. పెద్ద వయసువాళ్లకు, మహ్రమ్ లేకుండా వెళ్లే మహిళలకు ప్రాధాన్యం ఉంటుంది. తిరుమలలో సుప్రభాతం, తోమాల, అర్చన వంటి సేవలకు నడిచే ఎలక్ట్రానిక్ డిప్ కూడా ఇదే జాతి.

సదస్సు నడిపేవాళ్లు హజ్ పద్ధతి నుంచి తీసుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. అన్నిటికన్నా విలువైనది కవర్. ఒకే కవర్‌లో దరఖాస్తు చేసిన కుటుంబ సభ్యులు వస్తే అందరూ వస్తారు, లేకపోతే ఎవరూ రారు. భర్తకు వచ్చి భార్యకు రాకపోవడం ఉండదు. సదస్సుల లాటరీల్లో సాధారణంగా ఈ ఆలోచన కనిపించదు. ‘అన్నతో కలిసైతే పంపిస్తాం, ఒక్కదాన్నే హైదరాబాద్ పంపం’ అనే మాట చాలా ఇళ్లలో ఉంటుంది. ఆ ఇంటి అమ్మాయికి ఒక్కదానికే టికెట్ వస్తే అది రానట్టే. ఇద్దరినో ముగ్గురినో ఒకే దరఖాస్తు కింద లెక్కేసే వీలు పెడితే, ఒక్క గీతతో ఎంతోమంది ఆడపిల్లలు హాల్లోకి వస్తారు.

ఇక దొంగ దరఖాస్తులు. 300 సీట్లకు 1,200 మంది అడిగారనుకుందాం. నిజాయితీగా ఒక్క పేరు ఇచ్చినవాడికి అవకాశం నాలుగింట ఒకటి, అంటే 25 శాతం. ఇంకొకడు నాలుగు మెయిల్ ఐడీలతో నాలుగు పేర్లు ఇచ్చాడు. వాడి అవకాశం దాదాపు 68 శాతం. అందరూ అలాగే చేస్తే లాటరీకి అర్థమే ఉండదు. రైల్వే ఈ బాధకు 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. బుకింగ్ తెరిచిన మొదటి అరగంట ఏజెంట్లను పక్కన పెట్టింది. కానీ ఒక టెక్ సదస్సు ఆధార్ అడగడం అతి. ఫోన్ నంబర్, కాలేజీ లేదా ఆఫీసు గుర్తింపు, ప్రవేశం దగ్గర పేరు సరిచూడటం, ఇంతటితో చాలావరకు ఆగుతుంది.

అదే లెక్కలో ఇంకో బాధ ఉంది. ఏటా నాలుగింట ఒక వంతు అవకాశమే ఉంటే, వరుసగా మూడేళ్లు అడిగినా పేరు రానివాళ్లు నూటికి 42 మంది ఉంటారు. ఇది ఎవరి తప్పూ కాదు, అంకెల తీరే అంత. హజ్ దరఖాస్తుల్లో ఒకప్పుడు వరుసగా మూడుసార్లు రానివాళ్లకు నాలుగోసారి ఖాయంగా ఇచ్చే ఏర్పాటు ఉండేది, 2018 విధానంలో అది పోయింది. సదస్సులకు మాత్రం ఇది పనికొచ్చే మందే. పోయినేడు రానివాళ్ల పేరు ఈ ఏడు రెండు చీటీలుగా వేస్తే సరిపోతుంది. పాత జాబితా దాచి ఉంచుకోవడం తప్ప వేరే శ్రమ లేదు.

‘లాటరీ తీశాం’ అని చెబితే జనం నమ్మాలి కూడా. కంప్యూటర్ తీసింది కాబట్టి నిజమే అనుకోవడానికి లేదు, కంప్యూటర్ వెనక మనిషి ఉంటాడు. ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణాలు రాసే సంస్థ ఐఈటీఎఫ్ తన ఎంపిక కమిటీ సభ్యులను తీయడానికి ఒక పద్ధతి వాడుతుంది. 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3797 అనే పత్రంగా ప్రచురించారు. ముందు పేర్ల జాబితాకు నంబర్లు వేసి అందరి ముందూ పెడతారు. ఇంకా రాని ఒక సంగతిని, అంటే ఫలానా తేదీన తీసే ప్రభుత్వ లాటరీ అంకెలనో, అలాంటి ఇంకో దాన్నో ఆధారంగా వాడతామని ప్రకటిస్తారు. ఆ అంకెలు వచ్చాక నిర్ణీత గణిత సూత్రంలో వేస్తే పేర్లు తేలతాయి. ఎవరింట్లో వాళ్లు కూర్చుని అదే లెక్క చేసి చూసుకోవచ్చు. ఇరవై ఏళ్ల నాటి పద్ధతి. పైసా ఖర్చు లేదు. కాలేజీ ఫెస్ట్‌లో కూడా చేయొచ్చు.

పరిచయం ఉంటేనే టికెట్?

జర్మనీలో కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే సంఘం 1984 నుంచి డిసెంబర్ చివర్లో ఒక మహాసభ పెడుతోంది. లైప్‌జిగ్‌లో జరిగిన ఏళ్లలో పదిహేను వేలకు పైగా జనం వచ్చారు. అంత పెద్ద సభ అయినా కంపెనీల ప్రకటనల మీద కాకుండా టికెట్ డబ్బు మీద నడుస్తుంది. అక్కడ పనిచేసే వాలంటీర్లు కూడా టికెట్ కొనుక్కుంటారు. స్తోమత ఉన్నవాళ్లు ఇష్టపడి ఎక్కువ కట్టేందుకు వేరే ధరలు పెడతారు.

వాళ్ల అమ్మకం పద్ధతి విచిత్రం. మొదట ఊరూరా ఉన్న చిన్న సంఘాలకు కొన్ని వోచర్లు ఇస్తారు. వోచర్ ఉన్నవాడు టికెట్ కొని డబ్బు కడితే, అతనికి ఇంకో వోచర్ పుడుతుంది. దాన్ని తనకు తెలిసినవాడికి ఇస్తాడు. వాడు కొంటే మళ్లీ ఒకటి. ఇలా చేతులు మారుతూ వెళ్తుంది. త్వరగా కట్టినవాడి వోచర్ ఎక్కువ దూరం వెళ్తుంది. బ్లాక్‌లో అమ్ముకునేవాడికి దొరకడం కష్టం, ఎందుకంటే మొదటి వోచర్ తెలిసినవాళ్ల దగ్గరే ఉంటుంది. ఆ తర్వాతే మిగిలిన టికెట్లు అందరికీ తెరుస్తారు, అదీ వేర్వేరు రోజుల్లో.

లోపం చెప్పకనే తెలుస్తుంది. పరిచయం లేనివాడి సంగతేంటి? సదస్సుకు వెళ్లేదే పరిచయాల కోసం. పరిచయం ఉంటేనే రానిస్తామంటే మొదటిసారి వచ్చేవాడికి తలుపు మూసినట్టే. హైదరాబాద్‌లో ఇదే పద్ధతి పెడితే వోచర్లు మాదాపూర్, కొండాపూర్ మధ్యే తిరుగుతాయి, పాల్వంచ దాటి రావు. అయితే దీన్ని తిప్పి వాడొచ్చు. మొదటి విడత వోచర్లలో కొన్ని ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం కాలేజీల్లోని కంప్యూటర్ క్లబ్బులకే ఇస్తే, గొలుసు అక్కడి నుంచే మొదలవుతుంది. కొత్తవాళ్ల చేతిలో పెడితే కొత్తవాళ్ల మధ్యే తిరుగుతుంది.

అసలు టికెట్టే వద్దు అనేవాళ్లూ ఉన్నారు. బ్రస్సెల్స్‌లో ఏటా జరిగే ఫోస్‌డెమ్ సదస్సుకు టికెట్ లేదు, పేరు నమోదు కూడా లేదు. వేలమంది నేరుగా వచ్చేస్తారు. ఫలితంగా గొడవ గేటు దగ్గర నుంచి గది తలుపు దగ్గరికి మారింది. మంచి ప్రసంగం ఉన్న గది బయట ‘నిండిపోయింది’ అని కాగితం అంటిస్తారు. యూనివర్సిటీ ప్రాంగణం మొత్తం దొరికింది కాబట్టి అక్కడ నడుస్తోంది. ఒకే హాలు అద్దెకు తీసుకునే చోట నడవదు. పైగా మన దగ్గర ఉచితం అంటే ఐదొందల మంది పేరు ఇచ్చి రెండొందల మందే వస్తారు, వండిన భోజనం మిగిలిపోతుంది. వచ్చినవాళ్లకు తిరిగిచ్చే చిన్న డిపాజిట్ ఒక్కటి పెడితే ఈ బాధ తగ్గుతుంది.

రానివాడి టికెట్ ఎవరికి?

టికెట్ చేతికొచ్చాక జ్వరం రావొచ్చు, పరీక్ష పడొచ్చు, ఇంట్లో నిఖా కుదరొచ్చు. ఆ టికెట్ ఏం చేయాలన్నది ముందే చెప్పని సదస్సే బ్లాక్ మార్కెట్‌కు దారి తీస్తుంది. నిర్వాహకులే టికెట్ వెనక్కి తీసుకుని, కొన్న ధరకే వెయిటింగ్ లిస్ట్‌లో తర్వాతి పేరుకు ఇవ్వడం అన్నిటికన్నా శుభ్రమైన దారి. పేరు మార్పిడికి చివరి తేదీ ఉండాలి. పేరు అసలు మార్చకూడదని పట్టుబడితే సీటు ఖాళీగా పోతుంది, ఎవరికైనా మార్చుకోవచ్చంటే దళారి దిగుతాడు. బెల్జియం 2013లో టికెట్లను అసలు ధర కన్నా ఎక్కువకు తిరిగి అమ్మడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికా 2016లో టికెట్లను గుట్టుగా కొనిపెట్టే ‘బాట్’ ప్రోగ్రాముల మీద చట్టం తెచ్చింది. మన దగ్గర సదస్సు టికెట్ల వరకు ఆ భారం ఎక్కువగా నిర్వాహకుల మీదే ఉంది.

ధర మాట వస్తే, యూరోపియన్ పైథాన్ సదస్సు లాంటివి ఒకే కుర్చీకి మూడు ధరలు పెడతాయి. కంపెనీ కట్టేదైతే ఎక్కువ, సొంత జేబులోంచి అయితే తక్కువ, విద్యార్థి అయితే ఇంకా తక్కువ. కంపెనీ టికెట్ మీద మిగిలింది విద్యార్థి టికెట్‌కు ఆసరా అవుతుంది. అమెరికా పైకాన్‌లో చాలా ఏళ్లపాటు నిర్వాహకులూ, ప్రసంగించేవాళ్లూ కూడా టికెట్ కొనే నియమం ఉండేది. కట్టలేనివాళ్లకు వేరే నిధి నుంచి సాయం ఇచ్చేవాళ్లు. దొడ్డిదారి పాసులు లేకపోతే ‘ఫలానావాళ్ల అబ్బాయికి ఎలా వచ్చింది’ అనే మాట పుట్టదు.

భద్రాచలం నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్ల పైనే. రైలు ఎక్కాలంటే ముందు 40 కిలోమీటర్లు వెళ్లి కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్ చేరాలి. బస్సు ఛార్జీలు, రెండు రాత్రుల బస కలిపితే చాలాసార్లు టికెట్ ధరను దాటేస్తాయి. అందుకే ఆర్థిక సాయం ఇచ్చే సదస్సుల్లో టికెట్‌తో పాటు ప్రయాణం ఖర్చు కూడా అడగొచ్చు. ఈ దరఖాస్తు గడువు సాధారణంగా టికెట్ అమ్మకం కన్నా ముందే ముగుస్తుంది. చాలామంది పిల్లలు సాయం ఉందని తెలిసేసరికి ఆ తేదీ దాటిపోయి ఉంటుంది. ముందు చూడాల్సిన తేదీ అదే.

డబ్బు కట్టేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. యూపీఐలో సొమ్ము పోయి టికెట్ రాకపోతే వెంటనే మళ్లీ కట్టకుండా కాసేపు ఆగి, మెయిల్ చూసుకోవాలి. లేకపోతే రెండు టికెట్లు పడతాయి. దుకాణానికో సంస్థకో చేసిన యూపీఐ చెల్లింపు మధ్యలో ఆగిపోతే, లావాదేవీ జరిగిన రోజు నుంచి ఐదు రోజుల్లోపు సొమ్ము దానంతట అదే ఖాతాలోకి తిరిగి రావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లో నిబంధన పెట్టింది. లావాదేవీ నంబర్ ఉన్న స్క్రీన్‌షాట్ దాచుకుంటే బ్యాంకులో అడగడం తేలిక. సదస్సు టికెట్ల మీద 18 శాతం జీఎస్టీ, సైటు సర్వీసు ఛార్జీ అదనంగా పడొచ్చు కాబట్టి చివరి పేజీలో మొత్తం చూసుకున్నాకే ఓకే నొక్కాలి. టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో ‘నా దగ్గర ఒక పాస్ ఉంది, సగం ధర’ అని వచ్చేవాటికి ముందుగా డబ్బు పంపకూడదు. టికెట్ పేరు మార్పు సదస్సు సైటులోనే జరగాలి, అది కళ్లారా చూశాకే చెల్లింపు. మోసపోతే 1930 నంబర్‌కు ఎంత త్వరగా ఫోన్ చేస్తే, వెళ్లిన సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.